తాగుడు మానాలనుకున్న కూలీ ఫోను చేస్తే పలికేదెవరు?

పాతపట్నం చుట్టుపక్కల ఏ వూళ్లోనైనా మందు ఎక్కడ దొరుకుతుందని అడిగితే చిన్న గుంటడు కూడా వేలు పెట్టి చూపిస్తాడు. అదే వూళ్లో తాగుడు మాన్పించే వైద్యం ఎక్కడ దొరుకుతుందని అడిగితే పెద్దమనుషులు కూడా మొహమొహాలు చూసుకుంటారు. ఇది ఎవరి తలరాతా కాదు. మందును మన పేట దాకా తేవడం అమ్మేవాడికి లాభం. వైద్యాన్ని మన పేట దాకా తేవడం సర్కారుకి ఖర్చు. లాభం వున్నది వచ్చింది, ఖర్చు అయ్యేది రాలేదు.

వైద్యం అసలే లేదా అంటే, ఒక ఫోను నెంబరు రూపంలో వుంది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ నడిపే 14446 అనే నెంబరు వుంది. తాగుడు, గంజాయి, మాత్రలు, ఏ మత్తుకు అలవాటు పడ్డవాళ్లయినా దానికి చెయ్యొచ్చు. 2022 అక్టోబరు 10న కేంద్ర ఆరోగ్య శాఖ మొదలుపెట్టిన టెలీ మానస్ నెంబరు 14416 కూడా వుంది. మానసిక బాధలన్నిటికీ అది పనికొస్తుంది, తాగుడు కూడా అందులోకే వస్తుంది. రెండూ డబ్బులు లేకుండా పలికే నెంబర్లే.

ఈ నెంబర్లు మన పేటల్లో ఎంతమందికి తెలుసు? తెలిసినా ఎందుకు చెయ్యరు? చేస్తే ఏం జరుగుతుంది? ఫోనుతోనే పని అయిపోతుందా? రైతుకూలీల మధ్య పనిచేసే కార్యకర్తలు ఈ నాలుగు ప్రశ్నల్నీ ముందు పెట్టుకోవాలి. ఇది ఇంటి గోల, సంఘానికి సంబంధించింది కాదు అని తప్పుకుంటే కుదరదు. కూలి రేటు పెంచమని కళ్లంలో పోరాడి తెచ్చుకున్న పది రూపాయలు సాయంత్రానికి కొట్టులో పోతుంటే, అది సంఘం పని కాకుండా ఎలా పోతుంది?

99 రూపాయల లెక్క

2019 అక్టోబరు నుంచి అయిదేళ్ల పాటు రాష్ట్రంలో మద్యం కొట్లు ప్రభుత్వమే నడిపింది. 2024 అక్టోబరులో మళ్లీ ప్రైవేటువాళ్లకి అప్పగించారు. మొత్తం 3,396 కొట్లు. వాటికోసం వచ్చిన దరఖాస్తులు 89,882. ఒక్కో దరఖాస్తుకి రెండు లక్షల రూపాయలు, లాటరీలో కొట్టు రాకపోయినా ఆ సొమ్ము తిరిగివ్వరు. అంటే ఒక్క సీసా మూత తియ్యకముందే సర్కారు బొక్కసంలో దాదాపు 1,800 కోట్లు పడ్డాయి. అంత డబ్బు పోసి పాట పాడినవాళ్లు దాన్ని ఎక్కడినుంచి లాగుతారు? మన పేటలనుంచే లాగుతారు.

అదే విధానంలో పేదవాడికి మేలు చేస్తున్నామని చెప్పి 99 రూపాయలకే క్వార్టరు తెచ్చారు. దీన్ని మన లెక్కలో వేసి చూద్దాం. రోజుకి ఒక్క క్వార్టరు తాగేవాడికి నెలకి 2,970 రూపాయలు, ఏడాదికి 36,135 రూపాయలు అవుతుంది. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. ఒక కుటుంబానికి నూరు రోజుల పనీ పూర్తిగా దొరికి, పైసా కోత లేకుండా చేతికొచ్చినా 30,700 రూపాయలు. ఒక ఇల్లు ఏడాదంతా తట్ట మోసి సంపాదించిన ఉపాధి కూలి, ఆ ఇంట్లో ఒక్క మనిషి రోజూ తాగే చవక క్వార్టరుకి చాలదు. నంజుడు ఖర్చు, తాగి పడుకున్న రోజున పోయిన కూలి, ఆసుపత్రి ఖర్చు ఇందులో కలపలేదు. బెల్టు కొట్టులో సీసా మీద పైన వేసే పదో ఇరవయ్యో కూడా కలపలేదు.

సారా పోసి, అప్పు రాసి, చివరికి భూమి లాక్కున్న సావుకార్ల చరిత్ర మన ఏజెన్సీకి బాగా తెలుసు. ఇప్పుడు సావుకారు వేషం మారింది. బోర్డు వుంది, లైసెన్సు వుంది, బిల్లు మిషను వుంది. కూలీ జేబులోంచి పోయేది మాత్రం అలాగే పోతోంది. మద్యనిషేధానికి రాజ్యం ప్రయత్నించాలని రాజ్యాంగం 47వ అధికరణంలో రాసుకున్నాం. అదే రాజ్యం నేడు మద్యం రాబడి లేకపోతే బండి నడవదంటోంది.

తాగుబోతా, రోగా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 ఏళ్లు నిండిన మగవాళ్లలో నూటికి 23 మంది మద్యం తాగుతున్నారు. వీళ్లందరూ ఒకటి కాదు. పండక్కో పెళ్లికో తాగి మర్నాడు మామూలుగా పనిలోకొచ్చేవాడు వేరు. పొద్దున్న లేవగానే చుక్క పడకపోతే చెయ్యి వణికి కొడవలి పట్టలేనివాడు వేరు. ఈ రెండోవాడిది ఒట్టి చెడ్డ అలవాటు కాదు. అతని నరాలు, మెదడు మద్యం వుంటేనే నడిచేలా మారిపోయాయి. అది జబ్బు.

ఢిల్లీలోని ఎయిమ్స్ చేసిన జాతీయ సర్వే 2019లో వెలువడింది. దేశంలో 16 కోట్లమంది మద్యం తాగుతున్నారనీ, అందులో దాదాపు 2 కోట్ల 90 లక్షలమంది ఇలా జబ్బు స్థాయికి చేరారనీ అది లెక్కగట్టింది. ఆ జబ్బు స్థాయిలో వున్న ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక సాయం అందుతోంది. ఆసుపత్రిలో చేరి వైద్యం పొందేది 180 మందిలో ఒక్కరు. క్షయకో పాముకాటుకో ఇంత తక్కువమందికి వైద్యం అందితే దేశం గగ్గోలెత్తదా? తాగుడు దగ్గరకొచ్చేసరికి, తాగినవాడిదే తప్పు కదా అని అందరూ చేతులు దులుపుకుంటున్నారు.

కూలివాడు ఎందుకు తాగుతున్నాడన్నది కూడా అడగాలి. ఊడుపుల్లో నడుము విరిగిపోతుంది. బస్తాలు మోసినవాడికి రాత్రి నిద్ర పట్టదు. విశాఖకో హైదరాబాదుకో చెన్నైకో వలసపోయినవాడు రేకుల షెడ్డులో పదిమంది మధ్య పడుకుంటాడు, ఇల్లు కళ్లలో మెదులుతుంది. కొన్నిచోట్ల మేస్త్రీయే సాయంత్రం సీసా పోసి కూలిలో పట్టుకుంటాడు. ఓట్లనాడు పార్టీలవాళ్లు పంచి అలవాటు చేస్తారు. ఒళ్లునొప్పులకి మందని మొదలుపెట్టింది చివరికి ఒళ్లునే తినేస్తుంది. ఈ కారణాలు చెప్పడం తాగి పెళ్లాన్ని కొట్టినవాడిని వెనకేసుకు రావడానికి కాదు. కొట్టడం నేరం. జబ్బుందన్న సాకు ఆ నేరానికి చెల్లదు. ఆడవాళ్లకి ఆపద అయితే 112, 181 నెంబర్లు వున్నాయి, వాటికి ఫోను చెయ్యడానికి మొగుడి జబ్బు అడ్డు కాకూడదు.

జబ్బు అయినప్పుడు వైద్యం హక్కు అవుతుంది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, మద్యం వల్ల కలిగే మానసిక స్థితుల్ని కూడా మానసిక జబ్బుల కిందే లెక్కించింది. ప్రభుత్వం నడిపే, ప్రభుత్వ డబ్బుతో నడిచే వైద్యాలయాల్లో దారిద్ర్యరేఖకి దిగువనున్నవాళ్లకి ఉచితంగా వైద్యం చెయ్యాలని 18వ సెక్షను చెబుతోంది. రేషను బియ్యం ఎంత హక్కో ఇదీ అంతే హక్కు. దయతలచి ఇచ్చేది కాదు.

మానడంలోనూ ప్రమాదం వుంది

మన పేటల్లో తాగుడు మాన్పించడానికి రెండు పద్ధతులు నడుస్తున్నాయి. రెండూ ప్రాణాలమీదికి తెస్తున్నాయి. కార్యకర్తలు ఈ భాగాన్ని జాగ్రత్తగా చదివి నలుగురికీ చెప్పాలి.

మొదటిది, దేవుడి దగ్గర ఒట్టు పెట్టించడం, మాల వేయించడం, లేదా గదిలో పెట్టి గొళ్లెం వెయ్యడం. అప్పుడప్పుడు తాగేవాడికి దీనివల్ల ప్రాణహాని లేదు. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగుతున్నవాడు ఒక్కసారిగా మానేస్తే మాత్రం ఆరేడు గంటల్లో చేతులు వణకడం, చెమటలు, వాంతులు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులు దాటేసరికి కొందరికి మతి చలించి, గోడమీద పురుగులు పాకుతున్నాయంటారు, ఎవరో చంపడానికొస్తున్నారంటారు. గాలి సోకిందని అప్పుడు భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతారు. అది గాలీ కాదు, దెయ్యమూ కాదు. మద్యం ఆగినందువల్ల మెదడు అదుపు తప్పడం. వైద్యం అందకపోతే మనిషి చనిపోవచ్చు. డాక్టరు చేతిలో అయితే దీనికి మంచి మందులున్నాయి. మొదటి కొద్దిరోజులు నరాలని శాంతపరిచే మాత్రలు ఇచ్చి, రోజురోజుకీ తగ్గించుకుంటూ వస్తారు. తోడుగా బి1 విటమిను ఇస్తారు. ఇవేమీ కొనలేని ఖరీదు మందులు కావు.

2020 మార్చిలో లాక్‌డౌను పెట్టి కొట్లన్నీ ఒక్కరోజున మూసినప్పుడు ఏం జరిగిందో చూశాం. హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకి వణుకులతో, మతిభ్రమతో వచ్చినవాళ్లు వరస కట్టారు. అదే ఏడాది జులై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దొరక్క శానిటైజరు తాగి పదిమందికి పైగా చనిపోయారు. బిచ్చమెత్తుకునేవాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, కూలీలు. సరుకు ఆపడం ఒక్కటే వైద్యం కాదని ఆ చావులు చెప్పాయి.

రెండోది, మనిషికి తెలియకుండా అన్నంలోనో మజ్జిగలోనో మందు కలపడం. గోడలమీద, కరపత్రాలమీద 'తెలియకుండా తాగుడు మాన్పించబడును' అని రాసే మందు ఇదే. ఆ పొట్లాల్లో ఏముందో కొన్నవాళ్లకి తెలియదు. కొన్నిటిలో డైసల్ఫిరామ్ అనే మందు వుంటుంది. అది ఒంట్లో వుండగా మద్యం తాగితే మొహం ఎర్రబడి, వాంతులై, రక్తపోటు పడిపోయి, గుండె ఆగే ప్రమాదం వుంది. డాక్టరు అదే మందు రాసేటప్పుడు ముందు గుండె, కాలేయం పరీక్షించి, ఇది వేసుకుని తాగకూడదని రోగికే చెప్పి, ఒప్పించి ఇస్తాడు. తెలియకుండా పెట్టడం విషం పెట్టడంతో సమానం. విసిగిపోయి ఆ పని చేస్తున్న తల్లినీ పెళ్లాన్నీ తిట్టి లాభం లేదు. వాళ్లకి వేరే దారి చూపించాలి.

ఫోను ఎలా చెయ్యాలి, ఏం చెప్పాలి

ఆ దారిలో మొదటి అడుగు ఫోను. అయినా ఎందుకు చెయ్యరంటే, భయాలు చాలా వున్నాయి. పోలీసులొస్తారేమో, పేరు రాసుకుంటారేమో, ఇంగ్లీషులో మాట్లాడతారేమో, బలవంతంగా ఆసుపత్రిలో పడేస్తారేమో. వీటన్నిటికంటే పెద్దది సిగ్గు. మగాడు తల్చుకుంటే మానేస్తాడు, ఇంకోడ్ని సాయం అడగడమేంటి అన్న మాట.

ఈ నెంబర్లు పోలీసు నెంబర్లు కావు. తాగడం గురించి సాయం అడిగినందుకు ఎవరూ కేసు పెట్టరు. టెలీ మానస్‌లో ముందు ఏ భాష కావాలో అడుగుతారు, తెలుగు ఎంచుకోవచ్చు. ముందు సలహాదారు మాట్లాడతాడు, అవసరమైతే మానసిక వైద్యుడికి కలుపుతాడు. పెద్ద ఫోను అక్కర్లేదు, బటన్ల ఫోను చాలు. తాగేవాడే చెయ్యాలని లేదు. పెళ్లాం చెయ్యొచ్చు, కొడుకు చెయ్యొచ్చు, సంఘం కార్యకర్త పక్కన కూర్చుని చేయించొచ్చు. ఒక గది ఇంట్లో అందరి మధ్యా మాట్లాడలేకపోతే పొలంగట్టు మీద కూర్చుని చెయ్యొచ్చు. పొద్దున్న, ఇంకా తాగకముందు చేస్తే మంచిది. తాగి చేసిన మాట తెల్లారేసరికి గుర్తుండదు.

పెద్ద మాటలు వెతుక్కోనక్కర్లేదు. మన మాటలోనే చెప్పొచ్చు: 'బాబూ, నాను రోజూ తాగుతున్నాను. పొద్దుటే సుక్క పడకపోతే సేతులొణుకుతున్నాయి. మానీద్దామనుంది, మాననేకపోతున్నాను.' ఇంతే. అవతలివాళ్లు ఎన్నేళ్లనుంచి, రోజుకెంత, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, కళ్లు పచ్చబడ్డాయా, ఇంకేమన్నా మందులు వాడుతున్నావా అని అడుగుతారు. వున్నది వున్నట్టు చెప్పాలి. తక్కువ చేసి చెబితే వైద్యం తప్పుతుంది. చివర్లో మనం అడగాల్సినవి మూడు: దగ్గర్లో ఏ ప్రభుత్వాసుపత్రికి వెళ్లాలి, ఏ రోజు వెళ్లాలి, అక్కడ ఎవర్ని కలవాలి. కాగితం మీద రాసుకోవాలి. ఒకసారి తగలకపోతే మళ్లీ చెయ్యాలి. ఫిట్స్ వచ్చినా, రక్తం కక్కినా, స్పృహ తప్పినా ఈ నెంబర్లు కాదు, వెంటనే 108కి చెయ్యాలి.

ఫోనులో ఒక మనిషి మాటకి ఏమి బలం వుంటుందని కొందరికి అనుమానం రావచ్చు. దానికో చరిత్ర వుంది. 1935 మే నెలలో అమెరికాలో ఆక్రన్ అనే రబ్బరు ఫ్యాక్టరీల పట్నం. మరుసటి ఏడాది 1936లో గుడ్‌ఇయర్ కార్మికుల పెద్ద సమ్మె జరిగింది ఆ పట్నంలోనే. అక్కడికి బిల్ విల్సన్ అనే న్యూయార్కు షేర్ల దళారి వ్యాపారం పనిమీద వచ్చాడు. తాగి తాగి బతుకు పాడుచేసుకుని, కొద్ది నెలల కిందటే మానినవాడు. వచ్చిన పని చెడింది. హోటల్లో ఒక పక్క బారు వుంది, ఇంకో పక్క ఫోను వుంది. తనలాంటి తాగుబోతు ఇంకొకడితో మాట్లాడితే తప్ప ఈ పూట గడవదని అతనికి తెలుసు. చర్చీల జాబితా చూసి ఫోను చేశాడు. ఆ ఫోను ఒకరినుంచి ఒకరికి పాకి, చివరికి అదే వూళ్లో తాగుడుకి లొంగిపోయిన బాబ్ స్మిత్ అనే డాక్టరు దగ్గరికి చేర్చింది. ఇద్దరూ గంటల తరబడి మాట్లాడుకున్నారు. ఆ జూన్ 10న డాక్టరు ఆఖరి చుక్క తాగాడు. ఆల్కహాలిక్స్ అనానిమస్ అనే సంస్థ పుట్టిన రోజుగా దాన్నే చెప్పుకుంటారు. మన దేశంలో 1957 నుంచి ఆ సంస్థ వుంది.

అందులో దేవుడి మాట ఎక్కువే. తాగుడు వెనకున్న వ్యాపారం గురించి అది నోరు విప్పదు. ఆ మేరకు మనకి దానితో పేచీ వుంది. కాని మానినవాడు మానలేనివాడికి తోడు నిలబడాలన్న పద్ధతి కూలివాడికి కొత్తది కాదు. ఒంటరిగా అడిగితే కూలి పెరగదనీ, పదిమంది కలిస్తేనే పెరుగుతుందనీ మనకి తెలుసు. తాగుడు విషయంలో మాత్రం ఒంటరిగా గెలవమని ఎందుకంటున్నాం?

దూబగుంట తర్వాత మిగిలిన పని

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడకూలీలు సారా కొట్టు మూయించారు. రాత్రి బడిలో అక్షరాలు దిద్దుకున్న చేతులు ఆ పని చేశాయి. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా పాకింది. వేలంపాటలు ఆగిపోయాయి, వూరూరా కొట్లు మూతపడ్డాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించక తప్పలేదు. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు. స్వాతంత్య్రం తర్వాత ఆడకూలీలు నడిపిన గొప్ప పోరాటాల్లో అదొకటి. దాని విలువ తగ్గించే మాట ఎవరూ అనకూడదు.

అయితే ఆ పోరాటం డిమాండు కొట్టు మూయించడం. కొట్టు మూశాక తాగుడుకి అలవాటు పడ్డ మనిషి సంగతేమిటన్నది ఇంటి ఆడవాళ్ల నెత్తిమీదే మిగిలిపోయింది. మానిన కోరిక ఒంట్లో వుండిపోయినవాడు నాటుసారా వెతుక్కున్నాడు. మన పాతపట్నంలాంటి చోట ఇంకా సులువు. నాలుగడుగులేస్తే పర్లాకిమిడి, అది ఒడిశా. ఒక రాష్ట్రం తలుపు మూస్తే ఇంకో రాష్ట్రం కిటికీలోంచి సరుకు వస్తుంది. సర్కారు మళ్లీ కొట్లు తెరిచేసరికి, కొనేవాళ్లు అక్కడే సిద్ధంగా వున్నారు.

కాబట్టి రెండు పనులు కలిసి నడవాలి. బెల్టు కొట్టు మూయించే పోరాటం ఒకటి, అలవాటు పడ్డవాడికి వైద్యం సాధించే పోరాటం రెండోది. మొదటిదే చేస్తే మనిషి సారాబట్టీ దగ్గరికి పోతాడు. రెండోదే చేస్తే ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడు ఇంటి పక్కనే వున్న కొట్టు అతన్ని మళ్లీ పిలుస్తుంది.

ఫోను పెట్టేశాక

ఫోనుతో పని మొదలవుతుంది, అయిపోదు. అవతలివాళ్లు శ్రీకాకుళం పెద్దాసుపత్రికో, విశాఖ ప్రభుత్వ మానసిక వైద్యశాలకో వెళ్లమంటారు. శ్రీకాకుళం వెళ్తే రోగిది ఒకరోజు కూలి, తోడు వచ్చినవాళ్లది ఒకరోజు కూలి పోతుంది. పది రోజుల తర్వాత మళ్లీ రమ్మంటారు. కోతల రోజుల్లో ఎవరు వెళ్తారు? నెంబరు గోడమీద రాసినంత మాత్రాన వైద్యం అందినట్టు కాదన్నది అందుకే.

వైద్యాన్ని వూరికి తేవచ్చని చేసి చూపినవాళ్లున్నారు. చెన్నైలో 1980లో మొదలైన టిటికె ఆసుపత్రివాళ్లు తమిళనాడు డెల్టాలోని మంజక్కుడి అనే పల్లెలో, 1980ల చివరనుంచి తాగుడు మాన్పించే శిబిరాలు పెట్టారు. రోగుల్ని పట్నానికి రప్పించకుండా, వూళ్లోనే రెండు వారాలు వుంచి వైద్యం చేశారు. వూరివాళ్లే చోటు చూపించారు, సాయపడ్డారు. ఇంటివాళ్లని కూడా పిలిచి మాట్లాడారు, తర్వాత కూడా వచ్చి చూశారు.

గోవాలో జరిగిన ఇంకో పని 2017లో పేరున్న వైద్యపత్రిక లాన్సెట్‌లో అచ్చయింది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకి వచ్చిన 377 మంది తాగే మగవాళ్లని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకి మామూలు సలహా. ఇంకో జట్టుకి దానికి తోడు, డాక్టర్లు కాని మామూలు మనుషులు శిక్షణ తీసుకుని నాలుగు విడతల దాకా కూర్చుని మాట్లాడారు. మూడు నెలల తర్వాత చూస్తే, మామూలు జట్టులో నూటికి 26 మంది ప్రమాదస్థాయి నుంచి బయటపడితే, రెండో జట్టులో 36 మంది బయటపడ్డారు. వణుకులు, ఫిట్స్ వచ్చే స్థాయికి చేరినవాళ్లకి డాక్టరు తప్పదు. అంతదాకా పోనివాళ్లకి మాత్రం శిక్షణ పొందిన మామూలు మనిషి మాట కూడా మందే. మన పేటలో పదో తరగతి చదివిన ఆడపిల్ల ఆ శిక్షణ తీసుకోలేదా? ఆశా కార్యకర్త తీసుకోలేదా?

కేరళలో 2016లో వామపక్ష ప్రభుత్వం విముక్తి అనే కార్యక్రమం మొదలుపెట్టి, జిల్లాకొక ప్రభుత్వ వైద్యకేంద్రం పెట్టింది. కేరళలోనూ మద్యం ఏరులై పారుతోంది, సర్కారుకి ఆ రాబడీ వుంది. అక్కడ అన్నీ బాగున్నాయని చెప్పడం లేదు. మద్యం అమ్మి రాబడి తీసుకునే ప్రభుత్వానికి వైద్యం బాధ్యత కూడా వుందన్న మాట మాత్రం అక్కడ ఒప్పుకున్నారు. ఇక్కడ కూడా ఒప్పించాలి.

సంఘం చెయ్యాల్సింది, సర్కారు చెయ్యాల్సింది

సంఘంలో తాగేవాళ్లున్నారు. కమిటీల్లోనూ వున్నారు. తాగివచ్చినవాడిని మీటింగులోంచి గెంటేస్తే ఆ పూట గొడవ తగ్గుతుంది, మనిషి పోతాడు. చూసీచూడనట్టు వూరుకుంటే సంఘం మీద ఆడవాళ్లకి నమ్మకం పోతుంది. ఈ రెండూ కాని మూడో దారి పట్టాలి.

ప్రతి గ్రామ కమిటీలో ఇద్దర్ని, ఒక మగ, ఒక ఆడ కార్యకర్తని, ఈ పనికి పెట్టాలి. 14446, 14416, 108, 181 నెంబర్లు రచ్చబండ దగ్గర, రేషను కొట్టు దగ్గర, ఉపాధి పని జరిగేచోట పెద్దక్షరాలతో రాయాలి. ఎవరైనా మానతానంటే పక్కన కూర్చుని ఫోను చేయించాలి. ఆసుపత్రికి తోడు వెళ్లాలి. తోడు వెళ్లినవాడి ఆ రోజు కూలి పేటవాళ్లంతా తలా కొంచెం వేసుకోవాలి. చావుకి చందా వేసుకునే మనం, చావకుండా వుండడానికి వేసుకోలేమా? ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటి మూడు నెలలూ సాయంత్రం పూట అతన్ని ఒంటరిగా వదలకూడదు. కొట్టు పిలిచే వేళ అదే. మళ్లీ జారిపడి తాగితే ఎగతాళి చెయ్యకూడదు. ఈ జబ్బులో జారిపడడం మామూలు, మళ్లీ ఫోను చేయించాలి. వలసపోయేవాళ్ల చేతిలో కూడా ఈ నెంబర్లు పెట్టి పంపాలి. ఏ రాష్ట్రంలో వున్నా ఇవి పలుకుతాయి. మానినవాళ్లని మీటింగుల్లో నలుగురి ముందూ నిలబెట్టి పొగడక్కర్లేదు. ఇంకొకడికి తోడు పంపితే చాలు.

ఇక సర్కారుని అడగాల్సినవి. పాతపట్నం సామాజిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజు మానసిక వైద్యుడు వుండాలి. ఏ రోజన్నది బోర్డు మీద రాయాలి, ఆ రోజు తప్పకూడదు. మాన్పించే మందులు, బి1 విటమిను అక్కడే ఉచితంగా ఇవ్వాలి, బయట కొనమని చీటీ రాయకూడదు. వణుకులతో, ఫిట్స్‌తో వచ్చినవాడిని తాగుబోతని తిప్పి పంపకుండా చేర్చుకోవడానికి మంచాలు కేటాయించాలి. ఆశా కార్యకర్తలకి శిక్షణ ఇవ్వాలి, దానికి వేరే భత్యం ఇవ్వాలి, వున్న చాకిరీ మీద ఇంకో చాకిరీ వెయ్యకూడదు. బెల్టు కొట్లు మూయించాలి. తెలియకుండా మాన్పిస్తామని మందు అమ్మేవాళ్ల మీద కేసులు పెట్టాలి. మద్యం రాబడిలో వైద్యానికి ఎంత ఖర్చు పెడుతున్నారో జిల్లాల వారీగా లెక్క చెప్పాలి.

మండల కేంద్రాల్లో ఇచ్చే అర్జీల్లో కూలి రేట్లు, ఇళ్లస్థలాలు, పెండింగు బిల్లులతో పాటు ఈ డిమాండ్లు కూడా చేర్చాలి. నెంబరు వుంది కదా, ఫోను చేసుకోండి అని అధికార్లు అనవచ్చు. చేస్తాం. ఎన్నిసార్లు చేశామో, ఎవరెత్తారో, ఎక్కడికి పంపారో, అక్కడ డాక్టరున్నాడో లేడో, మందు దొరికిందో లేదో ప్రతిసారీ రాసిపెడదాం. మూడు నెలలు అలా రాస్తే ఆ పుస్తకమే మన అర్జీ అవుతుంది. గ్రామ కమిటీలు ఈ నెలలోనే ఆ పుస్తకాలు తెరవాలి.